మీకు తెలుసా? నర్సీపట్నం కుర్రాడి కథ ముందు కన్నడం మాట్లాడింది

రావికమతం లాంటి చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు సంతకైనా సినిమాకైనా నర్సీపట్నం దగ్గరే. దర్శకుడు పూరి జగన్నాథ్ పెరిగింది ఆ నర్సీపట్నం ప్రాంతంలోనే. రామ్‌గోపాల్ వర్మ దగ్గర సహాయకుడిగా పనిచేసి, 2000లో 'బద్రి'తో దర్శకుడయ్యాడు.

'ఇడియట్' తెలుగు తెర మీదికి రావడానికి కొన్ని నెలల ముందే అదే కథ కన్నడంలో 'అప్పు'గా విడుదలైంది. పునీత్ రాజ్‌కుమార్ హీరోగా పరిచయమైన సినిమా అది. రెండూ 2002లోనే వచ్చాయి, రెండింటికీ దర్శకుడు పూరీయే. తొలి సినిమా తీసిన రెండేళ్లకే పొరుగు భాషలో ఒక పెద్ద కుటుంబపు వారసుణ్ణి పరిచయం చేసే బాధ్యత దక్కిందంటే, ఆ కలం మీద ఎంత నమ్మకమో చూడండి!

ఇడియట్, పోకిరి, లోఫర్, రోగ్. పెద్దలు తిట్టడానికి వాడే మాటలనే టైటిళ్లుగా పెట్టాడు. 2006 నాటి 'పోకిరి' తమిళంలో విజయ్‌తో, హిందీలో సల్మాన్‌ఖాన్‌తో 'వాంటెడ్'గా మళ్లీ తయారైంది. ఆ రెండింటికీ దర్శకుడు ప్రభుదేవా. 2011లో అమితాబ్ బచ్చన్‌తో 'బుడ్డా హోగా తేరా బాప్' పూరీయే తీశాడు.

ఎక్కువగా సొంత కథలే తీసే ఈ మనిషి, 2015లో 'టెంపర్'కు వక్కంతం వంశీ కథ తీసుకున్నాడు.

అన్నిటికంటే మనసుకు దగ్గరైనది 2008 నాటి 'నేనింతే' అనిపిస్తుంది. అందులో హీరో అసిస్టెంట్ డైరెక్టర్. ఊరి నుంచి సినిమా కలతో బయల్దేరే ప్రతి కుర్రాడూ చూడాల్సిన సినిమా.