మునిగేవాడు అరవడు, ముసలి కండ మొరాయించదు

కలకత్తాలో హుగ్లీ పాటు తీసిన వేళ దహీ ఘాట్ కింది మెట్లు బురద పూసుకుని బయటపడతాయి. పొద్దున్నే పై మెట్ల మీద చేరేవాళ్ళలో మన తెలుగువాళ్ళూ కొందరుంటారు. కిద్దర్‌పూర్ డాక్‌లో బస్తాలు మోసి రిటైరైనవాళ్ళు, గార్డెన్‌రీచ్ రైల్వే ఆఫీసులో గుమస్తాలుగా చేసి రిటైరైనవాళ్ళు. ఈ దాపులోని వాట్‌గంజ్ పేట పేరే రేవు పనితో వచ్చింది. 18వ శతాబ్దం చివర్లో ఇక్కడ ఓడల రేవు తలపెట్టిన ఈస్టిండియా కంపెనీ ఇంజనీరు హెన్రీ వాట్సన్ పేరది. కిద్దర్‌పూర్ డాక్ 1892లో తెరిచారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి రైలెక్కి వచ్చినవాళ్ళకి ఆ డాకూ, ఆ రైల్వే, నది పొడుగునా జూట్ మిల్లులూ అన్నం పెట్టాయి.

ఆ మెట్ల మీద ఈత గురించీ ఒంటి గురించీ బోలెడు మాటలు నడుస్తాయి. అందులో కొన్నిటివల్ల పెద్ద నష్టం లేదు. కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి. నాకు ఆ రెండో రకం గురించే ఎక్కువ బెంగ.

"అన్నం తిని నీళ్ళలో దిగితే నరాలు పట్టేసి మునిగిపోతారు"

ఇది నష్టం లేని రకం. అమెరికా రెడ్‌క్రాస్ శాస్త్ర సలహా మండలి 2011లో దొరికిన ఆధారాలన్నీ తిరగేసి, తిన్నాక ఈదడంవల్ల మునిగిపోతారనడానికి రుజువు లేదని తేల్చింది. భుక్తాయాసంతో పోటీ ఈత ఈదితే కడుపులో తిప్పుతుంది, అంతే. మునగడానికి అసలు కారణాలు వేరే ఉన్నాయి. తాగి దిగడం, లోతు తెలియకపోవడం, ఒడ్డున చూసే దిక్కు లేకపోవడం.

"మునిగేవాడు చేతులూపి కేకలేస్తాడు, అప్పుడు చూసుకోవచ్చు"

ఇది మాత్రం ప్రాణం తీసే మాట. న్యూయార్క్ బీచ్‌లో లైఫ్‌గార్డుగా పనిచేసిన ఫ్రాంక్ పియా, నిజంగా మునిగిపోతున్నవాళ్ళనీ వాళ్ళను బయటికి లాగడాన్నీ ఫిల్ములు తీసి 1970ల్లో ఒక్కొక్క క్షణం పరిశీలించాడు. సినిమాలో చూపించినట్టు ఏదీ జరగలేదు. మనిషి నీళ్ళలో నిలువుగా ఉంటాడు. కాళ్ళు ఆడవు. నోరు నీటి మట్టానికి కిందికీ పైకీ పోతుంటుంది. పైకి వచ్చిన ఆ రెప్పపాటులో గాలి వదిలి, పీల్చుకోవాలి. ఇక కేక వెయ్యడానికి ఊపిరేదీ? చేతులు పైకి లేవవు, రెండు పక్కలా చాచి నీటిని కిందికి అదుముతుంటాయి. ఇదంతా 20 నుంచి 60 సెకన్లలో ముగిసిపోతుంది. పక్కనే నించున్నవాళ్ళకి పిల్లాడు నీళ్ళలో ఆడుకుంటున్నట్టే ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2021లో సుమారు 3 లక్షల మంది నీట మునిగి పోయారు. అందుకే ఘాట్‌లో పిల్లలు చప్పుడు చెయ్యకుండా ఉంటే ముందు వాళ్ళకేసి చూడండి. "ఏరా, బాగున్నావా?" అని పిలవండి. జవాబు రాకపోతే ఇక ఆలోచించకూడదు. అలాగని వెంటనే దూకనూ కూడదు. మునిగేవాడు అందినదాన్ని పట్టుకుని కిందికి తొక్కుతాడు, కాపాడబోయి తామూ పోయినవాళ్ళు ఎందరో. పంచె, చీర, వెదురు గెడ, మూత బిగించిన ఖాళీ నూనె డబ్బా, ఏదో ఒకటి అందించండి, లేదా విసరండి.

"నాకు ఈత వచ్చు కదా" అనేవాళ్ళకి ఇంకొక్క మాట. మన ఊరి చెరువులో సొరకాయ బుర్ర కట్టుకుని నేర్చిన ఈత చెరువుకే సరి. ఇది పోటు–పాటు ఉన్న నది. కొన్ని రోజుల్లో సముద్రపు నీరు గోడలా ఎగదన్నుతుంది, ఇక్కడివాళ్ళు దాన్ని 'బాన్' అంటారు. ప్రవాహం లాగితే దానికి ఎదురు ఈదకండి. వెల్లకిలా తేలుతూ, వాలుకి పోతూ, ఏటవాలుగా ఒడ్డు పట్టుకోవాలి.

"చేత్తో నీటిని పాములా వంకర తిప్పి లాగాలి, వేళ్ళు బిగించాలి"

ఈ మాట వెనక ఒక మహానుభావుడున్నాడు. ఇండియానా విశ్వవిద్యాలయంలో పేరుపొందిన ఈతగాడు మార్క్ స్పిట్జ్‌కి శిక్షణ ఇచ్చిన జేమ్స్ కౌన్సిల్‌మన్. ఈతగాళ్ళను నీటి అడుగునుంచి ఫిల్ము తీసి చూస్తే, గొప్పవాళ్ళ చెయ్యి తిన్నగా వెనక్కి పోవడం లేదు, ఎస్ ఆకారంలో పోతోంది. విమానం రెక్కను గాలి పైకెత్తినట్టే చేతిని నీరు ముందుకు తోస్తోందని ఆయన 1970ల మొదట్లో వాదించాడు. ప్రపంచమంతటా కోచ్‌లు అదే నేర్పారు.

తర్వాతివాళ్ళు ఒక సంగతి గమనించారు. ఈదేటప్పుడు మొండెం పక్కలకి దొర్లుతుంది. మొండెం దొర్లితే, తిన్నగా లాగిన చెయ్యి కూడా నీటిలో వంకర గీతే గీస్తుంది. అంటే ఆ ఎస్‌లో చాలా భాగం చెయ్యి పని కాదు, ఒళ్ళు దొర్లిన గుర్తు. 2012లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో రజత్ మిత్తల్ బృందం పెద్ద ఈతగాళ్ళ చేతి కదలికలను కంప్యూటర్‌లో పోల్చి, అరచేతితో నీటిని పట్టి వెనక్కి నెట్టే లాగుడే ఎక్కువ తోపు ఇస్తుందని చూపింది. తెడ్డు వేసే పడవవాడికి ఇది ఒకరు చెప్పక్కర్లేదు.

వేళ్ళ సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. బిగించిన అరచేతికంటే, వేళ్ళ మధ్య కాస్త సందు వదిలిన అరచేతికి నీరు ఎక్కువ ఆనుతుంది. ప్రతి వేలినీ అంటుకుని ఒక పలచని నీటి పొర ఉంటుంది. సందు చిన్నదైతే పక్కపక్క పొరలు కలిసి బాతు కాలి చర్మంలా పనిచేస్తాయి. సందు పెద్దదైతే నీరు జారిపోతుంది. చేతిని బిగపట్టకుండా వదులుగా ఉంచితే చాలు, ఆ సందు తనంతట తనే వస్తుంది.

కౌన్సిల్‌మన్ పొరబడ్డాడని చెప్పి ఆయన్ను అక్కడే వదిలెయ్యడం నాకిష్టం లేదు. 1979లో, 58 ఏళ్ల వయసులో, ఆయన ఇంగ్లిష్ ఛానెల్ ఈదాడు. అప్పటిదాకా అంత వయసులో దాన్ని ఈదినవారు లేరు.

"ఒంటికి గ్రీజు పూస్తే చలి తగలదు"

ఛానెల్ అంటే కలకత్తాకి సొంత కథ. 1958 సెప్టెంబరు 27న మిహిర్ సేన్ ఈది, ఆ పని చేసిన మొదటి భారతీయుడయ్యాడు. మరుసటి ఏడు సెప్టెంబరు 29న ఆరతి సాహా 16 గంటల 20 నిమిషాల్లో దాటింది, ఆసియా ఖండంలోనే మొదటి మహిళ. నెల రోజుల ముందు చేసిన మొదటి ప్రయత్నం విఫలమైంది. ఆమె ఈ నగరపు కొలనుల్లోనూ సాధన చేసింది. మన వెచ్చటి కొలను నీళ్ళలో పెరిగిన పిల్ల 16 డిగ్రీల అటూ ఇటూ ఉండే సముద్రంలో అన్ని గంటలు ఎలా ఉండగలిగిందో తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

గ్రీజు చలిని ఆపదు. చంకలూ మెడా ఉప్పునీటిలో ఒరుసుకుపోకుండా కాపాడుతుంది. చలిని ఆపేది చర్మం కింది కొవ్వూ, ఆగకుండా పనిచేసే కండలు పుట్టించే వేడీ. 1953 ఎవరెస్ట్ యాత్రలో శాస్త్రవేత్తగా వెళ్ళిన గ్రిఫిత్ ప్యూ, తోటి శాస్త్రవేత్త ఎడ్‌హోమ్‌తో కలిసి ఛానెల్ ఈతగాళ్ళ మీద చేసిన పరిశోధన 1955లో వచ్చింది. బొద్దుగా ఉండే గ్రీకు ఈతగాడు జేసన్ జిర్గానోస్ చల్లటి నీటిలో గంటల తరబడి నిబ్బరంగా ఉంటే, బక్కపలచటి ప్యూ అదే చల్లదనంలో త్వరగా వణికి డీలా పడ్డాడు. ఆ కొవ్వుకీ ఒక హద్దుంది. జిర్గానోస్ 1959లో ఐర్లండ్, స్కాట్లండ్ నడుమ ఉన్న ఇంకా చల్లటి నీటిని ఈదబోయి చనిపోయాడు.

"పులిసిపోయిన ఒంట్లో ఆమ్లం పేరుకుంటుంది"

ఒళ్ళు పులిసిపోయిందంటాం కదా. ఆ పులుపుకీ ల్యాక్టిక్ ఆమ్లానికీ ముడిపెట్టడం ఎవరికైనా తోస్తుంది. కానీ వ్యాయామంలో పుట్టిన ల్యాక్టేట్ గంటా రెండు గంటల్లో రక్తంలోంచి సర్దుకుంటుంది. గుండె, కండలు దాన్ని ఇంధనంగా వాడుకుంటాయి. మర్నాటి నొప్పి కండపోగుల్లో వచ్చిన సన్నటి గాయాలదీ, అవి మానే క్రమానిదీ. మెట్లు ఎక్కినప్పటికంటే దిగినప్పుడు ఎక్కువ వస్తుంది.

"జీవితమంతా మోశాం, ఇప్పుడు వ్యాయామమేటి?"

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు, శ్రీకాకుళం వైపువారు. డాక్‌లో బస్తాలు మోసిన మెడ, ఎడమ భుజం ఇప్పటికీ కాస్త కిందికి ఒరిగి ఉంటుంది. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆన్చి, ఒక ఊపు ఊగి లేస్తారు. రోజూ కాస్త కాళ్ళకి పని చెప్పండి తాతగారూ అన్నాను.

"ఎత్తినవన్నీ చాలవేటి బాబూ? ఇంక కూకోనీ" అన్నారు.

ఆ మాటలో ఉన్న అలుపు నిజం. దాన్ని తోసెయ్యను. బస్తా మొయ్యడం, వ్యాయామం ఒకటి కావు. డెన్మార్క్‌లో ఆండ్రియాస్ హోల్టర్‌మన్ బృందం చెబుతున్నదీ అదే. తీరిక వేళ కదిలితే గుండెకు మేలు, విశ్రాంతి లేని కూలిపనికి ఆ మేలు దక్కడం లేదు. బరువు తన చేతిలో లేదు, ఆగే వీలూ లేదు, రక్తపోటు పొద్దంతా ఎక్కువగానే ఉంటుంది.

అయితే కండకి పాత బాకీలు గుర్తుండవు. నిన్న ఏమి మోసిందో కాదు, ఇవాళ ఏమి అడిగామో దానికే బదులిస్తుంది. 1966లో అమెరికాలోని డాలస్‌లో 20 ఏళ్ల కుర్రాళ్ళు అయిదుగురిని 3 వారాలు మంచం దిగనివ్వకుండా ఉంచారు. 30 ఏళ్ల తర్వాత ఆ అయిదుగురినే మళ్ళీ పరీక్షించారు. ఆయాసపడకుండా శ్రమించే శక్తిని ఆ 3 వారాల మంచం తగ్గించినంతగా, 30 ఏళ్ల వయసు తగ్గించలేదు. 50 ఏళ్లు దాటిన వాళ్ళకి 6 నెలలు సాధన చేయిస్తే, కుర్రతనంలో మంచం ఎక్కకముందున్న స్థాయి తిరిగొచ్చింది.

మరి 90 ఏళ్లకి? బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో మరియా ఫియాటరోన్ 86–96 ఏళ్ల 10 మంది చేత 8 వారాలు కాళ్ళతో బరువులు ఎత్తించింది. 1990లో వచ్చిన ఆ ఫలితం చూడండి. కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర వదిలేశారు. 1994లో 100 మందితో మళ్ళీ చేసింది. బలానికని పోషక పానీయం మాత్రమే తాగినవాళ్ళకి బలం రాలేదు, బరువులెత్తినవాళ్ళకే వచ్చింది. పెద్దవాళ్ళ కోసం పొడి డబ్బాలు కొనే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

"కదిలితే ఆకలేస్తుంది, తింటాం, ఇక ఒళ్ళేం తగ్గుతుంది" అనేవారికి జవాబు ఈ నది ఒడ్డునే దొరికింది. ఇక్కడికి దిగువన చెంగైల్‌లో లడ్‌లో జూట్ మిల్లుంది. హార్వర్డ్ శాస్త్రవేత్త జీన్ మేయర్, పూర్ణిమా రాయ్, కామాఖ్య ప్రసాద్ మిత్ర కలిసి అక్కడి 213 మంది మగవాళ్ళ తిండినీ, పనినీ, బరువునీ లెక్కగట్టి 1956లో ప్రచురించారు. బరువులు మోసేవాళ్ళు ఎక్కువ తిన్నారు, అది అందరూ అనుకునేదే. తేలికపాటి పనివాళ్ళు తక్కువ తిన్నారు. కానీ రోజంతా అంగట్లో కూర్చునేవాళ్ళు వీళ్ళకంటే ఎక్కువ తిన్నారు, బరువూ వాళ్ళదే ఎక్కువ. కదలిక బాగా తగ్గిపోతే ఆకలి కూడా లెక్క తప్పుతుందని మేయర్ అన్నాడు. ఒక్కసారి చూసిన లెక్క కనుక కారణాన్ని దానికే ముడివెయ్యలేం, అంగడివాళ్ళ చేతిలో నాలుగు డబ్బులు ఎక్కువ ఉండొచ్చు. అయినా 70 ఏళ్లుగా ప్రపంచమంతా ఆ పరిశోధనను తలుచుకుంటూనే ఉంది, మన గుమ్మంలో జరిగిందని మనకే తెలియదు.

రోజుకి 10,000 అడుగులని భయపడే పెద్దవాళ్ళకి కూడా ఒక మాట. ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మిన అడుగుల మీటరు పేరులోది. ఐ-మిన్ లీ బృందం 2019లో సగటున 72 ఏళ్లున్న 16,741 మంది స్త్రీలను చూస్తే, 2,700 అడుగులు వేసేవాళ్ళకంటే 4,400 వేసేవాళ్ళలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దాటాక అదనపు తేడా కనబడలేదు. ఈదేవాళ్ళు మాత్రం ఈత ఒక్కటే చాలనుకోకండి. నడుం లోతు నీళ్ళలో మన బరువు సగమే ఆనుతుంది, అందుకే కీళ్ళకి అంత హాయి. కానీ ఎముక గట్టిపడాలంటే బరువు ఆనాలి. నేల మీద కూడా పని చెయ్యాలి.

ఆ పని ఎలాగంటే, కుర్చీని గోడకి ఆనించాలి. చేతులు గుండెల మీద కట్టుకోవాలి. రెండు లెక్కపెట్టేలోగా లేవాలి, నాలుగు లెక్కపెడుతూ నెమ్మదిగా కూర్చోవాలి. ఊపిరి బిగబట్టకూడదు. ఛాతీలో నొప్పి వచ్చినా కళ్ళు తిరిగినా ఆపి డాక్టర్ని చూడాలి, గుండె జబ్బున్నవాళ్ళు ముందే అడగాలి. మొదట చేతులు ఆన్చుకోక తప్పకపోతే ఆన్చుకోవచ్చు, కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోవచ్చు. వారానికి రెండు మూడు రోజులు, ఎనిమిదీ పదీ చొప్పున రెండు మూడు సార్లు. సులువైపోయాక చేతిలో నీళ్ళ సీసా పట్టుకోవాలి. సులువుగానే వదిలేస్తే కండకి పని పడదు.

పెద్దాయన మొదటి రోజు దిండు మీద నుంచి, చేతులు ఆన్చుకుని, నాలుగు సార్లు లేచారు. మూడో వారానికి దిండు తీసేశారు. లేచిన ప్రతిసారీ గట్టిగా లెక్కపెడతారు, ఓడలోంచి దింపిన బస్తాలను లెక్కపెట్టినట్టే. అయిదు కాగానే గోడ మీద సుద్దతో నిలువు గీతల మీద అడ్డగీత ఒకటి కొడతారు. నిన్న ఆ గోడ మీద రెండు కట్టలు, ఇంకో రెండు గీతలు ఉన్నాయి.