పౌలు దిగని రేవు



అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయాన్ని ప్రయాణపు చీటీలాగా ఎప్పుడైనా చదివారా? తోటివారు త్రోయలో ఓడ ఎక్కితే, పౌలు నేలదారిన వెళ్ళి అస్సులో ఎక్కాడు. ఆ తరువాత మితులేనే. మర్నాడు కీయొసు ఎదుట, ఆ మర్నాడు సమొసు, ఆపైన మిలేతు. రోజుకో దీవి, రోజుకో రేవు. ఎఫెసులో మాత్రం దిగలేదు. మూడేళ్ళు కష్టపడ్డ ఊరు, కన్నీళ్ళతో పెంచిన సంఘం. అయినా ఎఫెసును దాటి పోవాలని ముందే నిశ్చయించుకుని, మిలేతు చేరాక అక్కడి పెద్దలను తన దగ్గరికే పిలిపించుకున్నాడు. పెంతెకొస్తు నాటికి యెరూషలేములో ఉండాలన్న తొందర దానికి కారణం గాని విశ్రాంతి కాదు, ఆ మాట దాచడం లేదు. ఎక్కడ దిగకూడదో ముందే తేల్చుకున్నాడన్నదే మాకు నచ్చిన సంగతి.

ఇదంతా ఆరోగ్య పత్రికలో ఎందుకంటే, మన ఓ.పి.కి ఈమధ్య ఒక కొత్త రకం అలసట వస్తోంది. ఇదివరకు తెనాలి, రేపల్లె వాళ్ళు "ప్రయాణం చేసొచ్చాక కాళ్ళు వాచాయి" అంటే గుణదల తిరునాళ్ళో, వేళాంగణి బస్సో అయ్యుండేది. ఇప్పుడు పిల్లలు అమెరికాలో, లండన్‌లో ఉంటున్నారు. అమ్మానాన్నలను తీసుకెళ్ళి ఓడ ఎక్కిస్తున్నారు. పెద్దలు దీవులు చూసి వస్తున్నారు, చాలా సంతోషం. 2022 జూన్‌లో విశాఖ రేవు నుంచే విహార నౌక బయలుదేరింది కాబట్టి, ఇది పరాయి దేశాల మాట అనుకోవడానికీ లేదు.

రేపల్లె దగ్గరి ఊళ్ళో ఉండే ఒక మాస్టారి సంగతి, ఆయన అనుమతితోనే, ఊరూ పేరూ లేకుండా రాస్తున్నాం. డెబ్బై దాటిన మనిషి. బి.పి., షుగరు ఉన్నాయి, గుండె కాస్త బలహీనం. పౌలు నడిచిన చోట్లు, యోహాను ఉన్న పత్మాసు దీవి కళ్ళారా చూడాలని ఆయనకు ఎన్నాళ్ళ కోరికో. కొడుకు గ్రీసులో మూడు రాత్రుల ఓడ ప్రయాణం, అది దిగిన రోజే మళ్ళీ నాలుగు రాత్రుల ప్రయాణం కట్టించాడు. ఏడు రాత్రులు, పదకొండు రేవులు. పొద్దున ఒక రేవు, మధ్యాహ్నం ఇంకొకటి ఉన్న రోజులు అందులో నాలుగు.

ఆయన చీటీ మేము చూశాం. మొదటి ప్రయాణంలో ఐదు రేవులు. రెండో దాంట్లో ఆరు, అందులో ఐదు మొదటివే! కొత్తది రోదు ఒక్కటే. అంటే ఎఫెసుకు దారి అయిన కుషాదాసి రేవు రెండుసార్లు వస్తుంది, పత్మాసు కూడా రెండుసార్లు వస్తుంది, రెండూ ఒకే రోజున. మొదటిసారి ఎఫెసు చూసి మధ్యాహ్నం పడుకుంటే, రెండోసారి పొద్దున పడుకుని మధ్యాహ్నం పత్మాసు చూడవచ్చు. ఈ మాట వాళ్ళకు ముందుగా చెప్పినవాళ్ళు లేరు. "డబ్బు కట్టాం కదండీ, దిగకపోతే ఎట్లా" అని అన్నిచోట్లా దిగారు. మొదటిసారి ఎఫెసు పాలరాతి వీధిలో ఎండలో రెండు గంటలు నడిచి వచ్చి, పత్మాసు వచ్చేసరికి మంచం మీద నుంచి లేవలేకపోయారు. రెండోసారి ఆయాసం.

ఊరికి వచ్చిన మూడో రోజు మన దగ్గరికి వచ్చారు. పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు. రెండు దిండ్లు పెట్టుకుంటే గాని నిద్ర లేదు.

"బిళ్ళలు సరిగా వేసుకున్నారా మాస్టారూ?" అని అడిగాం.

"వేసుకున్నానండీ" అన్నారాయన.

పక్కనే ఉన్న ఆయన భార్య ఊరుకోలేదు. "నీళ్ళ బిళ్ళ ఆపేశారు డాక్టరు గారూ. దిగినచోట బాత్‌రూము ఎక్కడుంటుందో ఏమోనని. నీళ్ళు తాగడం కూడా మానేశారు. పైగా ఇంటి దగ్గర నుంచి ఆవకాయ సీసా తీసుకెళ్ళాం, అక్కడి తిండి సహించక మూడు పూటలా అదే."

ఒంట్లో నీరు తీసే బిళ్ళ మానేసి, ఉప్పు పెంచితే బలహీనమైన గుండె మీద ఏం పడుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఐదు రోజులు వార్డులో ఉండి, దేవుని దయవల్ల కోలుకున్నారు. నడక వల్ల ఇంత చేటు జరగలేదు. మందులను, నీళ్ళను, తిండిని బస్సు వేళలకు తగ్గట్టు మార్చుకోవడమే అసలు దెబ్బ. మన ప్రాంతం నుంచి వెళ్ళే పెద్దవాళ్ళలో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, బాత్‌రూము భయంతో నీళ్ళు మానేయడం చాలా ఎక్కువ. సిగ్గుపడకుండా మాకు చెప్పండి. నీళ్ళ బిళ్ళ పొద్దున వేసుకునేవారు, తిరుగుడు ఉన్న రోజున ఓడకు తిరిగి వచ్చాక మధ్యాహ్నం వేసుకునేట్టు మీ డాక్టరు మార్చి రాయగలరు. మానడం వేరు, వేళ మార్చడం వేరు. రెండుమూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరిగినా, పడుకుంటే ఆయాసం వచ్చినా ఓడలోని డాక్టరును వెంటనే కలవాలి, ఇంటికెళ్ళాక చూద్దామనుకోకూడదు. ఒక్క కాలి పిక్కే వాచి నొప్పి పెట్టినా అంతే. గంటల తరబడి విమానంలో కదలకుండా కూర్చున్నవారికి రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది.

షుగరు ఉన్నవారికి ఇంకొక చిక్కు. షుగరు బిళ్ళలు కొన్ని, ఇన్సులిన్, వేసుకున్నాక భోజనం ఆలస్యమైతే షుగరు పడిపోతుంది. గైడు ఇంకో గుడి, ఇంకో కోట అంటూ ఉంటాడు. సంచిలో బిస్కెట్లు, గ్లూకోజు ఉండాలి. ఇన్సులిన్ చేతి సంచిలోనే పెట్టుకోవాలి, విమానం అడుగున వేసే పెట్టెలో గడ్డకట్టిపోవచ్చు. కొత్త బూట్లు ప్రయాణంలో మొదలుపెట్టవద్దు. రాత్రి పడుకునే ముందు పాదాలు, వేళ్ళ సందులు ఇంట్లోవాళ్ళ చేత చూపించుకోండి, తిమ్మిరి ఉన్న పాదానికి పొక్కు తెలియదు.

ఓడ ఊగితే వాంతి వచ్చేవారు మధ్యభాగంలో, కింది అంతస్తులో గది అడగాలి, దూరాన నీరూ ఆకాశమూ కలిసేచోటు చూస్తూ కూర్చోవాలి. మందుల షాపులో ఇచ్చే వాంతి బిళ్ళ మత్తు తెస్తుంది. ప్రోస్టేటు ఇబ్బంది, కంట్లో ప్రెషరు ఉన్న పెద్దలు అడగకుండా వేసుకోరాదు. వాంతులు, విరేచనాలు ఓడలో ఒకరి నుంచి ఒకరికి తొందరగా పాకుతాయి. చేతికి రాసుకునే శానిటైజరు ఒక్కటీ సరిపోదు, సబ్బూ నీళ్ళతో కడగాల్సిందే.

నిద్ర మాట కూడా అనాలి. అదే 20వ అధ్యాయంలో, అదే త్రోయలో, ఐతుకు కిటికీలో కూర్చుని నిద్ర ఆపుకోలేక మూడో అంతస్తు నుంచి పడ్డాడు. (ప్రసంగం పొడుగైందని మన పాస్టరు గారి ఎదుట మేము అనం.) వయసులో ఉన్నవాడికే అంతైతే, మూడు రాత్రులు నిద్ర చాలని డెబ్బై ఏళ్ళ మనిషి, ఊగే ఓడలో, రాత్రిపూట గడప దాటి బాత్‌రూముకు వెళ్ళేటప్పుడు ఎంత జాగ్రత్త పడాలో ఆలోచించండి. చిన్న లైటు వేసి ఉంచండి. ఓడ ఎక్కే రోజే విమానం దిగేట్టు టికెట్లు తీయకండి, కనీసం ఒక రాత్రి ముందు చేరండి. రెండు ప్రయాణాల మధ్య కూడా నేల మీద రెండు రాత్రులు ఉంటే ఇంకా మంచిది. ఓడ పగిలి మెలితే దీవి చేరినవాళ్ళు మూడు నెలలు ఆగారు, మనం రెండు రోజులు ఆగలేమా?

పిల్లలకు ఒక మనవి. చీటీ చేతికి వచ్చినప్పుడు ఎన్ని రేవులో లెక్కపెట్టవద్దు, ఎన్ని మెట్లో అడగండి. సాంతోరినిలో పెద్ద ఓడ ఒడ్డుకు రాదు, చిన్న పడవలోకి మారాలి. పాత రేవు నుంచి ఊళ్ళోకి 588 మెట్లు. తీగ మీద నడిచే బండి ఉంది గాని దానికి వరస ఉంటుంది. పత్మాసులో గుహ దాకా బస్సు, టాక్సీ వెళతాయి, లోపలికి మెట్లు దిగాలి. నాన్నగారు "పరవాలేదు, నేను వస్తాను" అంటారు. మీ సంతోషం కోసం అంటారు. "ఈ రేవులో నేనూ దిగను, ఇద్దరం పైన కూర్చుని టీ తాగుదాం" అని కొడుకు అంటే గాని ఆయన ఆగరు.

వేళాంగణి, గుణదల వెళ్ళేవారికీ ఈ మాటలే వర్తిస్తాయి. బస్సులో పది క్షేత్రాలు చూపిస్తామన్న చీటీలో ఏ రెండు వదిలేస్తారో ఎక్కకముందే రాసుకోండి.

ప్రయాణానికి నెల రోజుల ముందు చీటీ, మందుల సంచి పట్టుకుని ఓ.పి.కి రండి. మందుల పేర్లు కంపెనీ పేరుతో కాక అసలు పేరుతో ఉత్తరం రాసి ఇస్తాం, వేళలు సరిచేస్తాం.

మాస్టారు మొన్న వచ్చారు. కొడుకు మళ్ళీ రమ్మంటున్నాడట, ఈసారి ఒక్కటే ప్రయాణం. చీటీలో మూడు రేవులు ఎర్ర పెన్నుతో కొట్టేసి ఉన్నాయి, ఎఫెసుతో సహా. పత్మాసు కింద గీత గీసుకున్నారు.