చొప్పదండి నుంచి హైదరాబాదంత దూరం.. ఎనిమిదేళ్ల పిల్ల నడిచింది

ఫోన్‌లో మ్యాప్స్ తెరిచి చొప్పదండి నుంచి హైదరాబాద్‌కి నడక దారి పెట్టి చూడండి. 170 కిలోమీటర్ల పైనే ఉంటుంది. బర్మాలో ఐరావతి ఒడ్డునున్న ప్రోమ్ ఊరి నుంచి, కొండలు దాటి, సముద్రం పక్కనున్న టౌంగప్ వరకు కూడా ఇంచుమించు అంతే. 1942లో ఆ దారిని మా అమ్మమ్మ నడిచింది. అప్పటికి ఆమెకు ఎనిమిదేళ్లు.

సొంత అమ్మమ్మ కాదు, మా ఆవిడ వాళ్ల అమ్మమ్మ. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే చోట ఉంటుంది. మా పెళ్లికి చొప్పదండి వచ్చి పది రోజులుంది. మా గల్లీలో ఇంటికొకరు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉన్నారని విని, ‘‘ఏటి బాబూ, మీ ఊరోళ్లూ ఓడెక్కీసే రకమేనా?’’ అని నవ్వింది. ఆమె మాటలను ఫోన్‌లో రికార్డ్ చేయడం ఆ రోజే మొదలుపెట్టా.

మనకు గల్ఫ్ ఎలాగో, ఒకప్పుడు కోస్తా తెలుగువాళ్లకు బర్మా అలాగ. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడివాళ్లు వీళ్లను ‘కొరంగీలు’ అనేవారు. అది గౌరవంగా పిలిచే పిలుపేమీ కాదు. రంగూన్ రేవులో బస్తాలు మోసింది, బియ్యం మిల్లుల్లో పనిచేసింది ఎక్కువగా వీళ్లే. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే ఉన్నారు. అమ్మమ్మ వాళ్ల నాన్న కూడా రేవు కూలీయే.

1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8కల్లా నగరం జపాన్ చేతికి పోయింది. డబ్బున్నవాళ్లు ఓడ టికెట్లు కొనుక్కున్నారు, లేనివాళ్లు నడిచారు. అలా బర్మా నుంచి బయటపడిన భారతీయులు నాలుగు లక్షలకు పైనే. దారిలో చనిపోయినవాళ్లు పది వేలని కొందరు, యాభై వేలని కొందరు, ఇంకా ఎక్కువని మరికొందరు అంచనా వేశారు. నేను డేటాతో పనిచేసేవాణ్ణి. నా రిపోర్టులో ఇంత తేడా ఉంటే మా మేనేజర్ ఒక్క రోజు కూడా ఊరుకోడు!

ఆ తేడాలో ఎక్కడో అమ్మమ్మ తమ్ముడున్నాడు. వాడికి నాలుగేళ్లు. ఆ కొండదారిలో మంచినీళ్లు దొరకవు, దొరికిన చోట కలరా.

‘‘నాన్న భుజమ్మీదే ఉన్నాడు బాబూ. పడుకున్నాడనుకున్నాం. దించితే తెలిసింది. ఆకులు కప్పీసి ఒచ్చీసినాం. ఆగితే జట్టు ఎల్లిపోద్ది కదా.’’

ఇది చెప్పినప్పుడు మా అత్తమ్మ పక్కనే ఉంది. తనకొక మేనమామ ఉండేవాడని ఆమెకు అప్పుడే తెలిసింది. అమ్మమ్మ వాడి పేరు కూడా చెప్పింది. అది ఇంటివాళ్లది, ఇక్కడ రాయను.

టౌంగప్ నుంచి పడవలో అక్యాబ్, అక్కడి నుంచి చిట్టగాంగ్, తర్వాత రైళ్లు మారి వాల్తేరు. ఇంటికి చేరాం, బతికిపోయాం అనుకున్న కొద్ది రోజులకే, ఏప్రిల్ 6న, విశాఖ మీదా కాకినాడ మీదా జపాన్ బాంబులేసింది. ‘‘మా ఎనకాలే ఒచ్చీసినారు’’ అంటుంది అమ్మమ్మ.

యుద్ధం అయ్యాక నాన్న మళ్లీ రంగూన్ తీసుకెళ్లాడు. ఇక్కడ కూలి దొరకలేదట. అమ్మమ్మ అక్కడే పెళ్లి చేసుకుంది, భర్తతో చిన్న కొట్టు పెట్టుకుంది. 1962లో నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. తర్వాత దుకాణాలు జాతీయం చేశారు. 1964 మేలో 50, 100 చాట్ల నోట్లు చెల్లవన్నారు. మన నోట్ల రద్దు గుర్తుందిగా, ఏటీఎం క్యూలు? వీళ్లకు క్యూ కట్టడానికి దేశమే లేకుండా పోయింది. పిల్లలతో ఓడెక్కి వచ్చి, క్యాంపులో ఖౌస్వే అమ్మి వాళ్లను చదివించింది. ఖౌస్వే అంటే నూడుల్స్ మీద శనగపిండి చారు పోసి, వేయించిన ఉల్లిపాయలు చల్లి, నిమ్మకాయ పిండేది. చొప్పదండిలో మ్యాగీతో చేసి పెట్టింది. మా అమ్మ మొదట ‘‘గిదేం చారో!’’ అన్నది. తర్వాత రెండోసారి వేసుకున్నది.

మా గల్లీలో కువైట్ నుంచి వాపస్ వచ్చిన పెద్దనాయన ఒకాయన ఉన్నాడు. 1990లో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు అక్కడ చిక్కుకున్న లక్షా డెబ్భై వేల మందికి పైగా భారతీయులను మన విమానాలు తెచ్చాయి. వాళ్లలో ఆయనొకడు. ఒక సాయంత్రం ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు.

‘‘బస్సులల్ల జోర్డాన్ దాంక తెచ్చిన్రు అమ్మా. అమ్మాన్‌ల విమానమెక్కించిన్రు’’ అన్నాడాయన.

‘‘పేర్లు రాసుకున్నారా?’’

‘‘ఆఁ, అందరియి రాస్కున్నరు.’’

‘‘మాయి ఎవులూ రాసుకోనేదు నాయనా.’’

కాసేపు ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు. నేను రికార్డింగ్ ఆపలేదు.

ఇప్పుడు అమ్మమ్మకు తొంభై దాటాయి. నా పేరు మరిచిపోతోంది, పొద్దున ఏం తిన్నదో గుర్తుండటం లేదు. ప్రోమ్ దారి మాత్రం మలుపు మలుపూ చెబుతుంది. మొన్న సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు మా అత్తమ్మ ఒక చిన్న చొక్కా కూడా కొనుక్కొచ్చి పెట్టింది. అమ్మమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, మడత విప్పి, అటూ ఇటూ తిప్పి చూసింది.

‘‘ఇది రెండేళ్లోడిది. ఆడికి నాలుగు. మార్చి తే.’’