చెమర్చు ఇనుము

చిలుకూరు బాలాజీకి చేసిన 11 ప్రదక్షిణములు ఫలించి, వీసా చేతికి వచ్చి, మ్రొక్కుబడి 108 ప్రదక్షిణములను గూడ ముగించుకొని, శంషాబాదు విమానాశ్రయమునుండి డాలసుకో దమ్మాముకో ఎగిరిపోవు యువకుడు తన పెట్టెల బరువును మూడుమార్లు తూచి చూచుకొనును గాని, ఇంటి వెనుక రేకుల షెడ్డులో విడిచిపోవు మోటారు సైకిలుపై మాత్రము ఒక ప్లాస్టిక్ పట్టా కప్పి, తాళపుచెవి తండ్రి చేతిలో పెట్టి, "వారానికోసారి జర స్టార్ట్ చేస్తుండు నాయినా" అని చెప్పి వెళ్ళును. ఈ రెండు జాగ్రత్తలును బండికి మేలుకంటె కీడే హెచ్చుగా చేయునన్నచో ఆ తండ్రి నమ్మడు. నమ్మవలసిన కారణములు కలవు.

బండ్లను నిలువయుంచుటను గూర్చి శీతలదేశములవారు వ్రాయునది చాలవఱకు చలిని గూర్చియే. వెచ్చదనము లేని కట్టడములో బండి నుంచవలసివచ్చినచో ఏమి గతియని వారు చింతింతురు. మనకు షెడ్డు మాట అటుండగా, పడకగదికే వేడి పెట్టు అలవాటు లేదు. సముద్రమట్టమునకు సుమారు 600 మీటర్ల ఎత్తున, తీరమునకు దూరముగా, రాతినేలపైనున్న శంషాబాదులో ఇనుమునకు విశాఖపట్టణపు ఉప్పుగాలి బాధ లేదు. అది మన అదృష్టమే. అయినను జూన్ నుండి అక్టోబరు వఱకు, ముసురు పట్టినప్పుడెల్ల, గాలియందలి తేమ దినముల తరబడి దిగక నిలిచియుండును. పిమ్మట చలికాలమున, రన్‌వేపై పొగమంచు క్రమ్మి విమానములు వేఱు ఊళ్ళకు మరలు ఉదయములలో, అదే తేమ మఱియొక రూపమున వచ్చును. నిర్మలమైన రాత్రివేళ ఆకాశమునకు తన వేడిని విడిచి, గాలికంటెను చల్లబడిన ఇనుప రేకు అడుగుతట్టున చెమర్చి, ఆ బొట్లను తెల్లవారుజామున సరిగా పెట్రోలు ట్యాంకుమీదనే రాల్చును. ఇంటివారు రేకునకు చిల్లిపడినదనుకొని పైకెక్కి వెదకుదురు, చిల్లి యుండదు.

చన్నీళ్ళ చెంబు బయటివైపున చెమర్చుటకును దీనికిని కారణమొక్కటే. 28 డిగ్రీల వేడిగల గాలిలో తేమ నూటికి 80 పాళ్ళున్నచో, ఆ గాలి 24 డిగ్రీల వస్తువును తాకినంతనే దానిపై నీరు విడువ మొదలిడును. ఎక్కడను వాన కురియనక్కరలేదు. రాత్రి చల్లబడిన ఇంజను దిమ్మ బరువైన లోహమగుటచే ప్రొద్దెక్కినను వెంటనే వేడెక్కదు. తలుపుసందులనుండి దూరిన పగటిగాలిలోని ఆవిరి దాని రెక్కలపైనను, లోపలి భాగములందును, ట్యాంకులో పెట్రోలునకు పైనున్న ఖాళీలోను సన్నని పొరగా పేరుకొనును. త్రుప్పునకు కంటికి కనబడు నీరు కూడ అవసరము లేదు. గాలిలో తేమ సుమారు 60 పాళ్ళు దాటినది మొదలు ఉక్కుమీద అగోచరమైన జలపటల మొకటి ఏర్పడి, ప్రాణవాయువును తోడు తెచ్చుకొని పనికి పూనుకొనును. చేతిచెమటలోని ఉప్పో, రోడ్డు ధూళియో దానికి జతపడినచో ఆ పని మఱింత వేగముగా సాగును.

ఇక ఆ ప్లాస్టిక్ పట్టా సంగతి. మట్టినేలనుండియే కాక, సిమెంటు గచ్చులోనుండి సైతము, తేమ ఆవిరియై పైకి వచ్చుచుండును. గాలి చొరని పట్టా దానిని వెలుపలికి పోనీయదు గనుక, పట్టా క్రిందనున్న బండికి ఏడాది పొడుగునను వర్షాకాలమే. వానలో తడిసివచ్చిన బండిని ఆరకమునుపే కప్పుట మఱింత అన్యాయము. పాత నూలు దుప్పటి మేలు. ధూళి నాపును, గాలిని పోనిచ్చును. రేకు బొట్లు రాల్చు షెడ్డులో పట్టాను బండికి మూరెడెత్తున, దానిని తాకకుండ, వాలుగా కట్టుకొనవచ్చును. చక్రముల క్రింద రెండు చెక్కపలకలు వేసినచో నేల తడి రబ్బరునకును రిమ్ములకును తగులదు.

వారమునకొకమారు స్టార్టు చేయుట ఇంతకంటె సూక్ష్మమైన అపకారము. పెట్రోలు మండునపుడు అందలి ఉదజని ప్రాణవాయువుతో కలిసి నీరగును. లీటరు పెట్రోలు కాలగా పుట్టు నీరు కూడ ఇంచుమించు లీటరే. ఇరువది కిలోమీటర్లు నడచిన బండిలో ఈ నీరంతయు ఆవిరిగా పోవును. రెండు నిమిషములు గుడగుడలాడించి ఆర్పిన బండిలో సైలెన్సరు వేడెక్కదు. నీరు పొగలోని ఆమ్లములతో కలిసి దాని గోడలమీదనే నిలిచిపోవును. పిస్టన్ రింగుల సందున జారినది ఇంజనాయిలులో చేరి దానిని తెల్లబారజేయును. పైన క్రోమియము మెరయుచుండగా సైలెన్సరు అడుగున వ్రేలు దూరునంత రంధ్రము పడిన బండ్లను మెకానికులు ఎన్నియో చూచియుందురు; వానిలో కొన్ని కేవలము పితృవాత్సల్యముచే చెడినవి. అరగంట నడపగలవాడు నడపవచ్చును. నడపలేనివాడు దానిని ముట్టకుండుటయే ఉత్తమము.

2020 మార్చి 25 మొదలు రెండు నెలలు దేశములో ప్రయాణికుల విమానములు నిలిచిపోయినప్పుడు, విమానములకును ఈ తేమ చిక్కే వచ్చినది. నిలిచిన విమానమును కాపాడుటకు విధించిన పద్ధతి యేమనగా, ఇంజను ముందువెనుకల ద్వారములను మూతలతో బంధించి, లోపల తేమను పీల్చు సిలికాజెల్ సంచులనుంచి, తేమ హెచ్చినచో రంగు మారు బిళ్ళను గమనించుచుండుట. విమానమును నిలువెల్ల సంచిలో మూటగట్టుట కాదు. లోపలి గదులను పొడిగా మూయుట, బయటి దేహమునకు గాలి తగులనిచ్చుట: మనవారు బండి విషయమున దీనికి సరిగా విపర్యయముగా చేయుచున్నారు.

కావున ప్రయాణమునకు ముందు బండిని కడిగి, చాలదూరము నడిపి, లోపలను బయటను ఆరిన పిదప, ఆమ్లములు చేరిన పాత ఇంజనాయిలును తీసి క్రొత్తది పోయవలెను. ప్లగ్గు విప్పి సిలిండరులో చెంచాడు ఇంజనాయిలు వేసి, ఇంజనును చేతితోనో కాలితోనో మెల్లగా కొన్నిమార్లు త్రిప్పి, ప్లగ్గు మరల బిగింపవలెను. సైలెన్సరు చల్లారిన తరువాత దాని నోట నూనె గుడ్డ కుక్కి, కొస బయటికి వ్రేలాడనీయవలెను; ఇది తేమకే కాక, అందులో మట్టిగూళ్ళు కట్టు కందిరీగలకును విరుగుడు. చైనుకును, స్పోకులకును, ముందు ఫోర్కుల నిగనిగలాడు రాడ్లకును పలుచగా గ్రీజు పూయవలెను. ఆ రాడ్లకు త్రుప్పుచుక్క పడెనా, ఆయిలుసీలు తెగక మానదు. బ్యాటరీని విప్పి ఇంటిలో నుంచి, అప్పుడప్పుడు ఛార్జి చేయించుట మంచిది.

పెట్రోలు విషయమున పూర్వులు ట్యాంకు నిండుగా పోసి పొమ్మనిరి; ఖాళీ లేనిచోట ఆవిరి చేరదు గనుక అది సబబే. కాని 2023 ఫిబ్రవరి నుండి బంకులలో 20 పాళ్ళ ఇథనాలు కలిసిన పెట్రోలు రాసాగినది. ఇథనాలు నీటిని పీల్చుకొనును. పరిమితి మించినచో ఆ రెండును కలిసి పెట్రోలునుండి విడివడి, ట్యాంకు అడుగున ఇనుమును అంటిపెట్టుకొని కూర్చుండును. రెండుమూడు నెలల ఎడబాటునకు నిండు ట్యాంకే మేలు. సంవత్సరముల ఎడబాటునకు ట్యాంకును కార్బురేటరును పూర్తిగా ఖాళీచేసి ఆరనిచ్చి, ట్యాంకులో కొంచెము ఇంజనాయిలు పోసి అన్నివైపుల పారునట్లు కదుపుట నా మతమున శ్రేయస్కరము.

విద్యుత్తు గల షెడ్డులో మఱియొక ఉపాయము కలదు. 90 పాళ్ళ తేమగల 25 డిగ్రీల గాలిని 30 డిగ్రీలకు వెచ్చజేసినచో, నీరు చుక్కయు తగ్గకున్నను, సాపేక్షముగా తేమ 67 పాళ్ళకు దిగును. ఇంజను ప్రక్క వెలుగు పాత ఫిలమెంటు బల్బు తన చుట్టునున్న లోహమునకు ఈ వెచ్చదనమును కొంత యీయగలదు. ఎల్ఈడీ బల్బువలన ప్రయోజనము లేదు. దుప్పటికిని పెట్రోలునకును అది దూరముగా నుండవలెనని వేఱుగ చెప్పనేల? పెట్రోలు వాసనగల షెడ్డులో మాత్రము ఈ ఉపాయమునే మానుకొనుడు.

తేమ వేఱు, ముంపు వేఱు. 2020 అక్టోబరులో గగనపహాడు అప్పచెరువు తెగి బెంగుళూరు రహదారిని కోసివేసినప్పటివంటి వరదలో మునిగిన బండికి పై మాటలేవియు చెల్లవు. దానిని స్టార్టు చేయక, తోసికొనియే మెకానికునొద్దకు పోవలెను.

కుమారుడు తిరిగివచ్చిన దినమున మొదట చేయవలసినది కిక్కు కొట్టుట కాదు. సైలెన్సరులోని గుడ్డను లాగివేయుట. పిమ్మట ఎలుకలు కొఱికిన తీగెలను చూచి, టైర్లలో గాలి నింపి, బ్రేకు ద్రవమును మార్పింపవలెను: అదియు తేమను పీల్చునదే, 230 డిగ్రీల వఱకు మరుగని డాట్ 4 ద్రవము తగినంత నీరు చేరినచో 155 డిగ్రీలకే మరుగవచ్చును. ఇంజను అందుకొన్న తరువాత సైలెన్సరు లోపలివఱకు ఆరునట్లు ఒక గంట నడపవలెను. బాహ్యవలయ రహదారిమీదికి ద్విచక్రవాహనములను రానీయరు గాని, దాని ప్రక్క సర్వీసు రోడ్డు ఈ పనికి చాలును.