పాముపిల్లకు తోడెవరు?

షోలాపూరు తూర్పు భాగంలోని నేతపనివారి పేటలలో మగ్గాల పక్కన నూలు మూటలు, వ్యర్థపు దారం పోగులు ఉంటాయి. వాటి మధ్య ఎలుకలు చేరుతాయి. ఎలుకల కోసం పాములు వస్తాయి. వానకాలంలో ఒక్కొక్కసారి జానెడు పాముపిల్ల కనిపిస్తుంది. తల్లి దగ్గరలోనే ఉండి పగబడుతుందని పెద్దలు భయపడతారు. ఇంత చిన్నదానికి విషమెక్కడిదని పిల్లలు దగ్గరికి పోతారు. ఈ రెండూ పొరపాట్లే.

జంతువులన్నీ పిల్లలను ఒకే విధంగా పెంచవు. పిల్లి తన కూనలకు పాలిస్తుంది. వాటిని నోట కరచుకొని చోటు మారుస్తుంది. తేలు పిల్లలను వీపున మోస్తుంది. అవి మొదటిసారి కుబుసం విడిచాక దిగిపోతాయి. గోడమీది బల్లి గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది.

మరి పాములో? కొండచిలువ తన గుడ్లను చుట్టుకొని సుమారు రెండు నెలలు కాపాడుతుంది. చల్లబడితే కండరాలను వణికించి వాటికి వెచ్చదనమిస్తుంది. రాచనాగు రాలిన ఆకులతో గూడు కట్టి గుడ్లు పెడుతుంది. రక్తపింజర పిల్లలనే కంటుంది. అయితే పిల్లలకు మేత తెచ్చిపెట్టే తల్లి పాములలో లేదు.

అందువల్ల పాముపిల్ల తన ఆహారం తానే వేటాడుకోవాలి. నాగుపాము, రక్తపింజర పిల్లలకు కోరలు, విషం పుట్టుకతోనే ఉంటాయి. తల్లి తోడులేని ఆ ప్రాణికి అవే రక్ష. కాబట్టి దానిని ముట్టరాదు, చంపరాదు. దూరంగా నిలిచి, పాములు పట్టడం తెలిసినవారిని పిలిపించాలి. ఎవరికైనా కాటు పడితే మంత్రాలతో కాలం గడపక వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. విషానికి విరుగుడు మందు అక్కడే దొరుకుతుంది.