కొత్త వీధిలో మన పిల్లలు

బెంగుళూరు నుండి గుంతకల్లు వెళ్ళే రైలు మార్గంలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఈ ఊళ్ళ యువకులు చదువు కోసం, ఉద్యోగం కోసం బెంగుళూరు వెళ్ళడం, కొందరు గల్ఫ్ దేశాలకు పోవడం చాలాకాలంగా ఉన్నదే. వారికీ ఇంటికీ మధ్య ఒకప్పుడు ఉత్తరమూ, ఎస్.టి.డి. బూతే వారధులు. తర్వాత ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాయి. 2004 జనవరిలో గూగుల్ సంస్థ ఆర్కుట్‌ను ప్రారంభించింది. దానిని నిర్మించిన టర్కీ దేశపు ఇంజనీరు పేరే దానికి పెట్టారు. మన దేశంలోనూ, బ్రెజిల్‌లోనూ అది విశేషంగా వ్యాపించింది. 2014 సెప్టెంబరు 30న మూతపడింది.

ఆనాడు అందులో పెరిగిన పిల్లలే ఈనాడు తల్లిదండ్రులు. తమ పిల్లల చేతిలో ఫోను చూసి వారే భయపడుతున్నారు. కాబట్టి ఆ మొదటి అనుభవం మనకేమి నేర్పిందో ఆలోచించడం అవసరం.

లాభాలు

లాభం లేదనడం న్యాయం కాదు. విడిపోయిన సహాధ్యాయులు మళ్ళీ కలుసుకున్నారు. పరీక్షల వివరాలు, ఉద్యోగ ప్రకటనలు పట్నం వారికి అందినట్లే చిన్న ఊరి విద్యార్థికీ అందాయి. దూరదేశంలో ఉన్న అన్న, ఇంట్లో పుట్టిన బిడ్డ ముఖాన్ని ఫోటోలో చూడగలిగాడు. ఈనాడు ధర్మవరం నేతగాడు పట్టుచీర ఫోటోను వాట్సాప్‌లో పంపి బేరం కుదుర్చుకోగలుగుతున్నాడంటే అదీ ఈ దారి వెంట వచ్చిన మేలే.

ప్రమాదాలు

మొదటిది, మాట నిలిచిపోవడం. టీ హోటలు ముందు అన్న మాట ఆ పూటతో పోయేది. ఆర్కుట్‌లో ఒకరికి రాసిన మాటను తొలి రోజుల్లో ఎవరైనా చదవగలిగేవారు. పదిహేనేళ్ళ కుర్రవాడు కోపంలో రాసిన దూషణ, అతడు మరచిపోయిన తర్వాత కూడా అక్కడే ఉండేది.

రెండవది, మారుపేరు. ఎదుటివాడు ఎవరో తెలియదు. ఇతరుల పేరుతో, ఇతరుల ఫోటోతో ఎవరైనా ఖాతా తెరవవచ్చు.

మూడవది, వదంతి. 2018లో, పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న అబద్ధం వాట్సాప్ ద్వారా తెలుగునాటా, ఇతర రాష్ట్రాలలోనూ పాకింది. దేశంలో పలుచోట్ల అమాయకులు మూకల చేతిలో ప్రాణాలు కోల్పోయారు. ఆ ఏడు జూలైలో, ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా ఆ సంస్థ మన దేశంలో కట్టడి చేసింది. వార్త వస్తే నిజానిజాలు విచారించమని, లేకుంటే తెలియక ఒక జనసమూహానికి కీడు చేసి పశ్చాత్తాపపడతారని దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరా ఏనాడో హెచ్చరించింది. అన్ని మతాలవారూ బాబయ్య దర్గాకు వచ్చే పెనుకొండ వంటి ఊరిలో ఒక అబద్ధపు సందేశం ఎంత చెరుపు చేయగలదో వేరే చెప్పాలా?

శిక్ష ఎవరికి?

వీటన్నిటికన్నా బాధాకరమైనది మరొకటి ఉంది. ఒక అమ్మాయి పేరుతో ఎవడో దొంగ ఖాతా తెరుస్తాడు. ఆమె ఫోటో పెడతాడు. సంగతి ఇంట్లో తెలుస్తుంది. అప్పుడు చాలా ఇళ్ళలో జరిగేదేమిటి? ఆమె కాలేజీ మానిపిస్తారు. ఎవరో ఒకరికిచ్చి త్వరగా పెళ్ళి చేసేస్తారు. నేరం చేసినవాడు హాయిగా తిరుగుతాడు, చదువు పోయేది ఆమెకు!

ఇది ధర్మమేనా? శీలవతిపై నింద మోపి నలుగురు సాక్షులను తేలేనివానికి శిక్ష విధించి, అతని సాక్ష్యాన్ని ఇక ఎన్నడూ స్వీకరించరాదని నూర్ సూరా ఆదేశిస్తున్నది. అక్కడ శిక్ష నింద వేసినవానికి, నిందపడిన ఆమెకు కాదు. మన దేశ చట్టం కూడా ఆమె పక్షానే ఉంది. 2008లో సవరించిన సమాచార సాంకేతిక చట్టం 66-సి సెక్షన్ ప్రకారం, మోసపూరితంగా మరొకరి గుర్తింపును వాడుకున్నవానికి 3 సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఆ ఖాతాను ఫోటో తీసి ఉంచుకుని పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేయాలి. ముందుగా చేయవలసింది మాత్రం, బిడ్డ చెప్పేది నమ్మి వినడం.

మన కర్తవ్యం

2011 నాటి ఇంటర్నెట్ సెంటర్ల నిబంధనలు, పెద్దలు తోడు లేకుండా మైనర్లను మూసిన గదుల్లో కూర్చోబెట్టరాదన్నాయి. ఈనాడు ఆ సెంటరే పిల్లవాడి జేబులోకి వచ్చింది. అక్కడ తోడుండవలసింది మనమే. ఫోను లాక్కుంటే వాడు మరొకచోట చూస్తాడు. పైగా, ఆపద వచ్చినప్పుడు మనకు చెప్పడు. తోడుండటమంటే పక్కన కూర్చుని చూడటం, పరిచయం లేనివారికి ఫోటోలు పంపవద్దని, నలుగురి ముందు అనలేని మాట అక్కడ రాయవద్దని చెప్పడం. విచారించకుండా ఏ వార్తనూ పంపకుండా మనమే ముందు ఆదర్శంగా నిలవడం.

పిల్లవాడు తప్పుచేసినా, మోసపోయినా, మొట్టమొదట పరుగెత్తుకు వచ్చేది అమ్మానాన్నల దగ్గరకే కావాలి. మన ఇల్లు అలా ఉన్నదా అని ప్రతి ఒక్కరం ప్రశ్నించుకుందాం.