ఉబ్బసం: బడిగదిలో మన జాగ్రత్తలు

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఉబ్బసం అంటే ఏమిటో వివరించగలుగుతారు.
• తరగతి గదిలో ఉబ్బసాన్ని రేపే వాటిని గుర్తించగలుగుతారు.
• వాటిని తక్కువ ఖర్చుతో తగ్గించే మార్గాలు చెప్పగలుగుతారు.
• పిల్లలకు ఆయాసం వచ్చినప్పుడు చేయవలసిన పనులను వరుసగా చెప్పగలుగుతారు.

1. పరిచయం

కోల్‌కతాకు ఎదురుగా, హుగ్లీ నది పడమటి ఒడ్డున ఉన్న నగరం హౌరా. జూట్ మిల్లులకు, ఇనుము పోతపోసే ఫౌండ్రీలకు ఇది పేరు పొందింది. హుగ్లీ ఒడ్డు మిల్లులలో పనికోసం శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు వలస వచ్చాయి.

ఇప్పుడు ఇక్కడి ఒక బస్తీ బడిని, అందులో ఐదో తరగతి చదివే ఒక పిల్లవాడిని ఊహించుకోండి. నల్లబల్ల తుడవగానే వాడికి దగ్గు మొదలవుతుంది. ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు వినిపిస్తాయి. "ఒంట్లో బాగాలేదు, ఇంటికి వెళ్లు" అంటారు మాస్టారు. అలా వారానికి రెండు రోజులు బడి పోతుంది. పాఠాలు వెనకబడతాయి. చివరకు వాడు బడి మానేస్తాడు.

మీలో కొందరి చదువు ఇలాగే ఆగి ఉండవచ్చు. మీ పిల్లల చదువు అలా ఆగకూడదు. ఆ పిల్లవాడిని ఇంటికి పంపడానికి ముందు, గదిలో ఏముందో చూడవలసింది.

2. ఉబ్బసం అంటే ఏమిటి?

మనం పీల్చిన గాలి చిన్న చిన్న గొట్టాల ద్వారా ఊపిరితిత్తులలోకి వెళుతుంది. వీటిని శ్వాసనాళాలు అంటారు. ఉబ్బసం ఉన్నవారికి ఈ నాళాల లోపలి పొర వాచి ఉంటుంది. దుమ్ము, పొగ వంటివి తగలగానే మూడు మార్పులు జరుగుతాయి. నాళాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. వాపు పెరుగుతుంది. కఫం అడ్డుపడుతుంది. దారి ఇరుకవుతుంది. అందుకే ఆయాసం, దగ్గు, ఛాతీ పట్టేసినట్లుండటం, పిల్లికూతలు కలుగుతాయి. ఇవి రాత్రిపూట, తెల్లవారుజామున ఎక్కువవుతాయి.

ఉబ్బసాన్ని బెంగాలీలో 'హాపాని' అంటారు. హౌరాలో టీచరుతో, డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఈ మాట ఉపయోగపడుతుంది.

ఉబ్బసం అంటువ్యాధి కాదు. పక్కన కూర్చున్నవారికి రాదు. పూర్తిగా పోకపోయినా, మందులతో, జాగ్రత్తలతో అదుపులో ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచంలో 26 కోట్ల 20 లక్షల మందికి ఉబ్బసం ఉంది. ఆ ఏడాది 4 లక్షల 55 వేల మంది దీనితో మరణించారు. సరైన మందు అందితే ఇందులో చాలా మరణాలను ఆపవచ్చు.

3. బడిగదిలో ఉబ్బసాన్ని రేపేవి

(అ) దుమ్ము: సుద్దపొడి, ఫ్యాన్ రెక్కల మీద, పాత పుస్తకాల మీద పేరుకున్న దుమ్ము. ఆ దుమ్ములో కంటికి కనపడని పురుగులుంటాయి. హౌరా వంటి తేమ ఎక్కువ ఉన్న చోట అవి బాగా పెరుగుతాయి.
(ఆ) బూజు: వర్షాకాలంలో చెమ్మగిల్లిన గోడలపై పట్టే నల్లటి బూజు.
(ఇ) బొద్దింకలు: వాటి మలం, శరీరపు తునకలు గాలిలో కలుస్తాయి.
(ఈ) పొగ: మధ్యాహ్న భోజనం వండే పొయ్యి పొగ, బీడీ పొగ, దోమల చుట్ట పొగ. ఒక దోమల చుట్ట కాలితే 75 నుంచి 137 సిగరెట్లతో సమానమైన సన్నటి పొగరేణువులు వస్తాయని 2003లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. సరస్వతీ పూజ రోజున బడులలో వేసే 'ధునో', అంటే సాంబ్రాణి వంటి ధూపం, కూడా కొందరికి పడదు.
(ఉ) ఘాటైన వాసనలు: కొత్త రంగు, ఫినాయిలు.

4. మనం ఏమి చేయవచ్చు?

• నల్లబల్లను తడిగుడ్డతో తుడవాలి. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఆ పని అప్పగించకూడదు.
• పిల్లలు ఇళ్లకు వెళ్లాకే గది ఊడ్చి, తడిగుడ్డతో తుడవాలి. ఫ్యాన్లు శుభ్రం చేయాలి.
• పైకప్పు కారుతుంటే వానలకు ముందే బాగు చేయించాలి. రంగులు, సున్నం సెలవులలో వేయించాలి.
• తినే పదార్థాలు గదిలో వదలకూడదు. అప్పుడు బొద్దింకలు తగ్గుతాయి.
• కిటికీలు తెరిచి ఉంచాలి. చలికాలం ఉదయం పొగ నేలకు దగ్గరగా నిలిచి ఉంటుంది. అప్పుడు వీధివైపు కిటికీలు మూయాలి.
• దోమల చుట్ట బదులు కిటికీలకు దోమతెర వేయించాలి. ధూపం ఆరుబయట వేయాలి.
• బడిలో పొగ తాగడం చట్టవిరుద్ధం. 2003 నాటి చట్టం ప్రకారం విద్యాసంస్థకు 100 గజాలలోపు పొగాకు ఉత్పత్తులు అమ్మకూడదు.

5. ఆయాసం వచ్చినప్పుడు

(1) పిల్లవాడిని నిటారుగా కూర్చోబెట్టండి. పడుకోబెట్టవద్దు. ఒంటరిగా వదలవద్దు.
(2) డాక్టరు రాసిన, త్వరగా పనిచేసే ఇన్‌హేలర్‌ను (సాధారణంగా నీలం రంగు) ఊపి, స్పేసర్‌కు తగిలించి ఒక్కసారి నొక్కండి. నాలుగుసార్లు ఊపిరి తీయించండి. ఇలా నాలుగు మోతాదులు ఒకదాని తరువాత ఒకటి ఇవ్వండి.
(3) నాలుగు నిమిషాలు ఆగండి. తగ్గకపోతే మళ్లీ నాలుగు మోతాదులు ఇవ్వండి. వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి.
(4) మాట పూర్తిగా రాకపోయినా, పెదవులు నీలంగా మారినా, మగతగా ఉన్నా ఆగవద్దు. మందు ఇస్తూనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

స్పేసర్ కొనలేకపోతే? అర లీటరు ప్లాస్టిక్ సీసాతో చేసిన స్పేసర్ కూడా బాగా పనిచేస్తుందని దక్షిణాఫ్రికా వైద్యులు 1999లో ప్రచురించారు. తయారీ పద్ధతిని డాక్టరును అడిగి తెలుసుకోండి.

ఇన్‌హేలర్ బీరువాలో తాళం వేసి ఉంటే ప్రయోజనం లేదు. అది పిల్లవాడి సంచిలో గాని, టీచరు చేతికి అందేచోట గాని ఉండాలి. బ్రిటన్‌లో 2014 నుంచి బడులు అత్యవసరానికి ఒక ఇన్‌హేలర్ ఉంచుకోవడానికి చట్టం అనుమతించింది.

6. అపోహలు

"ఇన్‌హేలర్ అలవాటైపోతుంది" అంటారు. ఇది నిజం కాదు. మందు నేరుగా శ్వాసనాళాలకు చేరుతుంది కనుక కొద్ది మోతాదే సరిపోతుంది. హైదరాబాదులో మృగశిర కార్తెకు ఇచ్చే చేపమందు కోసం వేలమంది వెళతారు. దానితో ఉబ్బసం తగ్గుతుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. ఎవరి నమ్మకం ఏదైనా, డాక్టరు ఇచ్చిన మందు మాత్రం ఆపకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఉబ్బసం ఒకరి నుంచి మరొకరికి సోకుతుందా?
2. ఆయాసం వచ్చిన పిల్లవాడిని ఎలా ఉంచాలి?
3. నల్లబల్లను దేనితో తుడవాలి?

చేసి చూడండి

మీ పిల్లల బడికి గాని, మీ అధ్యయన కేంద్రానికి గాని వెళ్లండి. మూడో భాగంలోని ఐదింటిలో ఏవి కనిపించాయో రాయండి. ఒక్కదానినైనా ఈ నెలలో తొలగించడానికి టీచరుతో మాట్లాడండి.

జవాబులు: 1. సోకదు. 2. నిటారుగా కూర్చోబెట్టాలి. 3. తడిగుడ్డతో.